ఆటోలో తిరిగిన ఆకుపచ్చ

శుక్రవారం పొద్దున ఆర్థర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నరకి రంగుల పెట్టెను షంషీర్ ఆటోలో ఎక్కించాలి. పన్నెండింటికి దింపుకోవాలి. భోంచేసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, ఇంజనుకి ఆఖరి పూత పుయ్యాలి. శనివారమంతా ఆరబెట్టి, ఆదివారం సాయంత్రం దాన్ని తీసుకెళ్లి కార్ఖానా బస్తీలో ఉన్న అబ్రహాం చేతిలో పుట్టినరోజు కానుకగా పెట్టాలి. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషికి ఇదో పెద్ద పనా!

ఇంజనంటే నిజం ఇంజను కాదు లెండి. మూరెడు పొడవున్న బొమ్మ. పాత డబ్బా రేకులు, గొడుగు ఊచలు, పాడైపోయిన కుక్కరు తాలూకు సామానుతో సీతాఫల్‌మండి ఇంటి వెనక వరండాలో కూర్చుని ఏడాదిపాటు చేశాడు. అబ్రహాం ఆర్థర్ భార్య కాంతమణికి స్వయానా అన్న. బొగ్గింజన్ల రోజుల్లో డ్రైవరు. ఇరవై రెండేళ్లు ఒకటే ఇంజను నడిపాడు. షెడ్డులో దానికొక్కదానికే ముదురాకుపచ్చ రంగు వేశారట. ఆ రంగు గురించి అబ్రహాం చెప్పని క్రిస్మస్ లేదు.

చెప్పినప్పుడల్లా చివర్లో చెల్లెలి మొగుడికి ఒక పోటు పొడిచేవాడు. "నేను బళ్లు నడిపేవాణ్ణి, ఆర్థరు ఆపేవాడు" అని. పెళ్లిలో కేకు కోస్తుంటే కూడా, "చూసుకోమ్మా కాంతం, ఎర్రజెండా వాణ్ణి కట్టుకున్నావ్, ఎప్పుడు ఎక్కడ నిలబెట్టేస్తాడో" అన్నాడు. ఆర్థర్ ముప్పయ్యేళ్లు ఆ మాటలకి లోలోపల ఉడుక్కున్నాడు. రెండేళ్ల కిందట అబ్రహాం భార్య ఎమిలీ చనిపోయింది. ఆనాటి నుంచి ఆయన ఆర్థర్‌ని ఒక్క మాట అనలేదు. వస్తాడు, కూర్చుంటాడు, "బాగున్నావా" అంటాడు, కాఫీ తాగి వెళ్లిపోతాడు. అన్నేళ్లు పడలేకపోయిన ఆ తిట్ల కోసం ఆర్థర్ ఇప్పుడు మొహం వాచిపోయి ఉన్నాడు. కిందటి క్రిస్మస్‌కి "నీకేం కావాలన్నయ్యా" అని కాంతమణి అడిగితే, అబ్రహాం గోడకేసి చూస్తూ, "ఏముంది కావడానికి? ఆ బండిని ఇంకొక్కసారి చూస్తే చాలనిపిస్తుంది" అన్నాడు. ఆ బండిని తుక్కు కింద కోసేసి అప్పటికే పదేళ్లు దాటింది. మర్నాడే ఆర్థర్ కత్తెరా రేకూ పట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

రేకు పని సుఖంగా సాగింది. ఏడిపించింది రంగు. అబ్రహాం దగ్గర పాత పనిముట్ల పెట్టె ఒకటుంది. షెడ్డులో మిగిలిన రంగే దానికీ వేశారు. పైనంతా మసి పట్టిపోయినా కీలు కింద గోరంత మేర అసలు ఆకుపచ్చ దాగి ఉంది. ఏదో సాకు చెప్పి ఆ పెట్టెను తెచ్చుకుని, దాని పక్కన పెట్టి పోల్చి చూసుకుంటూ, నాలుగు రంగులు కలిపి కలిపి, ఆర్థర్ ఒకే ఒక్క చిన్న గాజు సీసాడు ఆకుపచ్చ తయారుచేశాడు. అది ప్లాస్టిక్ బొమ్మలా నిగనిగలాడుతుంటే, మెరుపు చావడానికి కాంతమణి మొహానికి రాసుకునే పౌడరు నాలుగు చిటికెలు వేశాడు. మెరుపు చచ్చింది. కానీ పౌడరు కలిసిన రంగు గంటసేపు ఊరికే ఉంటే అడుక్కి దిగిపోయి గట్టి ముద్ద కడుతుంది, పైన వట్టి నూనె తేలుతుంది. పుల్లతో కలిపితే ఉండలు కడుతోంది. చేత్తో ఊపుదామంటే ఆరు నెలలుగా కుడి భుజం పట్టేసి ఉంది. సీసాలో సైకిలు చక్రంలో ఉండే ఉక్కు బాల్స్ వేసి చూద్దామని ముందు తెల్లరంగులో వేస్తే, అవి తుప్పు పట్టి తెలుపు కాస్తా టీ రంగుకి వచ్చింది. కుట్టుమిషను చక్రానికి కట్టి తొక్కితే సీసా ఎగిరి వెళ్లి కాంతమణి కుడుతున్న జాకెట్టు మీద పడింది.

"ఇంకొక్కసారి నా మిషను ముట్టుకుంటే మిమ్మల్నే దానికి కట్టి తొక్కుతా" అంది కాంతమణి. ఆవిడ మాట మీద నిలబడే మనిషి.

దారి చూపించింది షంషీర్ ఆటో. షంషీర్ పక్క సందులో ఉంటాడు. ఆటో పెట్టుకునే చోటు లేక రాత్రిళ్లు ఆర్థర్ కాంపౌండులో పెట్టుకుంటాడు. ఆ ఆటో ఎక్కినవాడి ఎముకలు ఎన్నున్నాయో వాడికే తెలిసిపోతుంది. ఒకరోజు ఆర్థర్ మోండా మార్కెట్ నుంచి సంచీలో రంగు సీసాతో ఆ ఆటోలో వచ్చాడు. ఇంటికొచ్చి మూత తీస్తే రంగు మీగడలా ఉంది. ఒక్క ఉండ లేదు, అడుగున ఒక్క రవ్వ లేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున పెట్టె ఆటో వెనక స్టెప్నీ పక్కకి ఎక్కడం, మధ్యాహ్నం దిగడం మొదలైంది. అందులో ఏముందో ఆర్థర్ షంషీర్‌కి చెప్పలేదు. చర్చిలో పెద్ద, రిటైరైన సిగ్నల్ ఇన్‌స్పెక్టరు, బొమ్మలకి రంగులు వేసుకుంటున్నాడంటే బస్తీలో నవ్వుతారని సిగ్గు. "ఇది కాస్త అలా నాలుగు బస్తీలూ తిప్పి తీసుకురా నాయనా" అని మాత్రమే అన్నాడు.

పెట్టె సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది చర్చిలో ప్రభువు బల్లకి వాడిన పాత చెక్కపెట్టె. సంస్కారమప్పుడు ద్రాక్షరసం ఇచ్చే చిన్న గ్లాసులు వరసగా నిలబెట్టడానికి లోపల గుండ్రటి కన్నాలుంటాయి. కొత్తగా స్టీలు పళ్లెం వచ్చాక పాతదాన్ని ఎవరూ అడగకపోతే ఆర్థర్ ఇంటికి తెచ్చుకున్నాడు. రంగు సీసాలు ఆ కన్నాల్లో కొలిచి చేసినట్టు కూర్చున్నాయి. మూత మీద చెక్కిన శిలువ ఉందని, అది కనబడకుండా కాంతమణిదొక పాత తువ్వాలు చుట్టి పంపేవాడు.

ఆ శుక్రవారం పెట్టె పన్నెండింటికే వచ్చింది. ఆర్థర్ మూత తీశాడు. ఆకుపచ్చ సీసాలో పైన నూనె, కింద ముద్ద. పొద్దున ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. కొంచెం కలిసే ఉంటుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకుని, కుంచె ముంచి, ముందుగా ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరుకి వేశాడు. అది ఆరేసరికి ఒకచోట నల్లగా, ఒకచోట మసక తెల్లగా, అంచుల్లో జిడ్డుగా, చూడటానికి రోత పుట్టేలా తయారైంది. ఆర్థర్ దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి బీరువాలో కాంతమణి చీరల వెనక పడేశాడు.

"ఏమైందండీ?"

"ఆటో కుదపలేదు."

"కుదపలేదా! షంషీర్ ఆటోనా?" కాంతమణి నమ్మలేదు. "పాపం వాడికి ఒంట్లో ఎలా ఉందో ఏంటో."

శనివారం ఏడున్నరకి ఆర్థర్ పెట్టెతోపాటు తానూ ఎక్కి కూర్చున్నాడు, సంగతేంటో చూద్దామని. షంషీర్ పెట్టెను రెండు చేతులా అందుకుని వెనక పెట్టలేదు. ముందు తన సీటు పక్కన మెత్త వేసి, దాని మీద పెట్టాడు. తువ్వాలు తీసేసి, ఉతికి ఇస్త్రీ చేసిన పచ్చగుడ్డ చుట్టాడు. పైన మూర మల్లెపూలు. ఆటో కదిలింది. కదిలినట్టు చెట్లు వెనక్కి పోవడం వల్ల తెలిసింది గానీ, కూర్చున్నచోట ఏమీ తెలియలేదు.

"ఏమైంది షంషీర్ నీ ఆటోకి?" అన్నాడు ఆర్థర్.

"మంచిగున్నది కదా సాబ్!" షంషీర్ మొహం వెలిగిపోయింది. "మొన్న మెకానిక్ కాడికి పోయి ఇంజన్ కింద రబ్బర్లన్నీ కొత్తయి ఏయించిన. మీ పెట్టె ఉండంగ గట్ల ఊగితే పాపం కదా. అప్పుడే ఏయించాల్సుండె, నాకు సమజ్ కాలె."

"నా పెట్టె కోసమా?"

"బుధవారం తువ్వాల జారింది సాబ్. మూత మీద శిలువ కనబడ్డది. అప్పుడు సమజైంది. మా నానీ, అమ్మీ వాళ్ల అమ్మ, సుత దర్గాకెల్లి తెచ్చిన పూలు గిట్లనే గల్లీ గల్లీ తిప్పుతుండె, అందరికి మంచి జరగాలని. మీరు పెద్దమనిషి, చేసేది చెప్పుకోరు. నాలుగు బస్తీలు తిప్పుమన్నరంతే. అమ్మీకి చెప్తే ఒక్కటే తిట్లు! 'అసొంటిదాన్ని స్టెప్నీ పక్కన పెట్టినవారా' అని. ఈ గుడ్డ అమ్మీదే." షంషీర్ గొంతు తగ్గించాడు. "ఇంకో మాట సాబ్. అమ్మీ మోకాళ్లు నయమైనయి. రెండు దినాల సంది నా ఆటోల్నే దవాఖానకు పోయొస్తున్నది. దిగినంక నొప్పే లేదంటది."

షంషీర్ తల్లి జాన్ బీ మోకాళ్ల నొప్పుల సంగతి ఆ వీధికంతా తెలుసు. ఆర్థర్ నోరు తెరిచాడు. అందులో ఉన్నది రంగులు, బొమ్మకి వేసుకునే రంగులు, అనాలి. నాలుగు మాటలు. కానీ అద్దంలో షంషీర్ మొహం చూస్తే ఆ నాలుగు మాటలూ గొంతు దాటి రాలేదు.

"షంషీర్, కాస్త... గుంతలున్న దారిలో పోనియ్యి."

"తౌబా తౌబా! గదేం మాట సాబ్? మీరు పరేషాన్ గాకుండ్రి. ఒక్క గుంత తగలనియ్య." అని షంషీర్ వేగం ఇంకా తగ్గించాడు. సైకిళ్లు వాళ్లని దాటిపోయాయి.

మోండా మార్కెట్ మలుపులో రెండు సంచుల వంకాయలతో సువార్త చెయ్యెత్తింది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి. ఆవిడ కంట్లో పడకుండా చర్చి ఆవరణలో ఆకు కూడా రాలదు. సంచులు లోపల పెడుతూ ముందు సీటుకేసి చూసింది. గుడ్డ అంచు కింద పెట్టె చెక్కా, దాని ఇత్తడి గడియా కనపడుతున్నాయి.

"ఆర్థర్‌గారూ! ఇది మన ప్రభువు బల్ల పెట్టె కదండీ! ఆటోలో ఉందేంటి?"

 ఆర్థర్ ఏదో ఒకటి అనేలోపే షంషీర్ వినయంగా అందుకున్నాడు. "రోజు తిప్పుతున్నం అమ్మా. సాబ్ చెప్పిండు. గల్లీ గల్లీ తిప్పి తెస్తున్న."

సువార్త ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆవిడ కళ్లు నిండిపోయాయి. "మంచాన పడి చర్చికి రాలేనివాళ్ల కోసమా! ఇంటింటికీ తీసుకెళ్తున్నారా! ఎవరికీ చెప్పకుండా!"

"అది కాదమ్మా, అసలు అందులో..."

"మీరేం చెప్పకండి. మీ సంగతి మాకు తెలీదా? ఎంతమంది పెద్దలున్నారు చర్చిలో, ఒక్కరికన్నా ఈ ఆలోచన వచ్చిందా?" అని ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "రేపు మొదటి ఆదివారం. సంస్కారం ఉంది. ఆ స్టీలు పళ్లెం కాదు, ఈ పెట్టే బల్ల మీద ఉండాలి. నేను పాస్టరు అయ్యగారితో చెప్తాను."

చర్చి గేటు దగ్గర సువార్త దిగింది. సంచులు ఆర్థర్ చేతిలో పెట్టి, పెట్టెను తను ఎత్తుకుంది. షంషీర్ దిగి నిలబడి పంపించాడు. రెండు సంచుల వంకాయలతో ఆర్థర్ ఆటోలో ఉండిపోయాడు. ఒకే ఒక్క సీసా ఆకుపచ్చ చర్చిలోపలికి వెళ్లిపోయింది.

వంకాయలు ఇవ్వాలన్న సాకుతో సాయంత్రం వెళ్తే ఆఫీసు గదికి తాళం ఉంది. వాచ్‌మన్ యేసుదాసు తాళం చెవి పట్టుకుని చెల్లెలింటికి వెళ్లాడన్నారు. ఇంటికొచ్చేసరికి వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు, ఆర్థర్‌ని అభినందించడానికి. వాళ్లలో ఒకాయన తన అత్తగారి చిరునామా కూడా రాసి తెచ్చాడు. ఆవిడ నడుం విరిగి పడుకుని ఉందట, మంగళవారం వస్తే బాగుంటుందట. కాంతమణి అందరికీ టీలు ఇచ్చి పంపించి, తలుపేసి, మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏంటండీ ఇదంతా?"

ఆర్థర్ చెప్పాడు. మొత్తం విన్నాక ఆవిడకి నవ్వు రాలేదు. "ఒక్కమాట, రంగులని చెప్పుంటే పోయేదిగా?"

"ఎవరికని చెప్పను కాంతం? వాడేమో పూలు పెట్టాడు. ఆవిడేమో ఏడ్చింది."

"రేపు బల్ల మీద గుడ్డ తీస్తే రంగు సీసాలు కనిపిస్తే?"

ఆర్థర్‌కి అసలు భయం అదొక్కటే కాదు. ఇంజను ఇంకా అస్తరు రంగుతోనే టేబులు మీద ఉంది. రేపు ఏ మొహంతో అబ్రహాం దగ్గరికి వెళ్లడం? "రంగు లేకుండా ఇస్తే చూసి బాగుందంటాడు" అన్నాడు. "రెండేళ్లుగా అన్నింటికీ అదే అంటున్నాడు."

"అన్నయ్య కూడా అడుక్కి దిగిపోయాడండీ" అంది కాంతమణి మెల్లగా. "మీ సీసాలో రంగులాగే. ఎవరో ఒకరు ఊపాలి."

ఆదివారం ఆరాధనలో ఆర్థర్ ముందువరసలో కూర్చున్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ కింద ఏదో ఎత్తుగా ఉంది. అది పెట్టెలాగా ఉందా, పళ్లెంలాగా ఉందా అని చూసి చూసి అతని కళ్లు నొప్పెట్టాయి. అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, మన మధ్యనే ఒకరు ఉన్నారని, చెప్పుకోకుండా సేవ చేస్తున్నారని, ఆయన పేరు చెప్తే ఆయనే నొచ్చుకుంటారని అన్నాడు. అందరూ ఆర్థర్‌కేసి చూశారు. తన మీద లేని గొప్ప రుద్దుతుంటే నోరెత్తలేకపోవడం ఎంత నరకమో ఆర్థర్‌కి అప్పుడు తెలిసింది. దొంగతనం అంటగట్టినా ఇంత సిగ్గుపడేవాడు కాదు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. చర్చి వెనక జెనరేటర్ దడదడమని మొదలై, కిటికీ అద్దాలన్నీ అదిరాయి. ఆ దడదడలోనే మిగతా ఆరాధన గంటన్నర నడిచింది.

అయ్యగారు గుడ్డ తీశాడు. కింద స్టీలు పళ్లెం ధగధగలాడుతోంది. ఆర్థర్ ఊపిరి పీల్చుకున్నాడు. మరుక్షణమే ఆ ఊపిరి మళ్లీ ఆగింది. మరి నా పెట్టె ఏమైంది?

ఆరాధన అవ్వగానే యేసుదాసుని గోడవారకి లాక్కెళ్లాడు. యేసుదాసు పాతికేళ్లుగా చర్చిలో ఉన్నాడు. ఎవరికీ ఏదీ చెప్పని మనిషి.

"సువార్తమ్మగారు ఇచ్చారండి. గ్లాసులు కడుగుదామని తీశాను. గుప్పుమని రంగు వాసనండి." అతను అటూ ఇటూ చూశాడు. "మీ రంగులే కదా, మీ వేళ్లు చూస్తే తెలీదాండి? ఆవిడతో ఏం చెప్తాం, బాధపడతారు. స్టీలు పళ్లెమే పెట్టేశాను. ఆవిడడిగితే పాతదాని గడియ ఊడిందన్నాను."

"పెట్టేది?"

"వేరే జాగా లేక జెనరేటర్ మీద పెట్టానండి."

ఆర్థర్ పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఆ చర్చివాళ్లెవరూ అంతకుముందు చూడలేదు. పెట్టె జెనరేటర్ మీద వెచ్చగా ఉంది. ఆకుపచ్చ సీసా పైకి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. అడుగు నుంచి మూతదాకా ఒకటే రంగు.

కానీ ఆ సీసా చేతిలో ఉండగానే అయ్యగారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేశాడు. చెప్పకుండా ఆ పొగడ్తని ఇంటికి మోసుకెళ్లడం అతనివల్ల కాలేదు. అయ్యగారు సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెప్పిన మాట నేను వెనక్కి తీసుకోలేను ఆర్థర్‌గారూ. అందరి ముందూ అన్నాను కదా. మీరే దాన్ని నిజం చేసెయ్యండి. మంగళవారం ఆ నడుం విరిగినావిడ దగ్గరికి మనిద్దరం వెళ్దాం" అన్నాడు. ఆర్థర్ సరేనన్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఇంజను పూర్తయింది. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. పనిముట్ల పెట్టె కీలు కింద దాగిన ఆకుపచ్చకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆరీ ఆరని రంగుతో దాన్ని ఒళ్లో పెట్టుకుని షంషీర్ ఆటోలో కార్ఖానాకి బయల్దేరాడు. రంగు చెదరకుండా ఉండటానికి ఆ మెత్తటి ఆటోయే దిక్కయింది. సంచీ పట్టుకుని కాంతమణి పక్కన కూర్చుంది. దారిలో ఆర్థర్ షంషీర్‌కి కూడా నిజం చెప్పాడు. ఎలా మొదలెట్టాలో తెలియక ఇంజనునే అద్దంలోంచి చూపించి మొదలెట్టాడు.

 ఒక సిగ్నల్ దగ్గర ఆటో ఆపి షంషీర్ వెనక్కి తిరిగాడు.

"అంటే ఊగాలనే ఎక్కించిన్రా సాబ్?"

"అవును. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

"మరి మా అమ్మీ మోకాళ్లు?"

"ఆటో కుదపడం మానేసింది కదయ్యా."

 "నిజమే సాబ్" అన్నాడు షంషీర్. అతని మొహంలో కోపం లేదు గానీ, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు ఉంది. అబ్రహాం ఇంటి ముందు వాళ్లని దింపి, "మీరు కూసోండ్రి, నాకు జెర పనుంది, గంటల వస్త" అని వెళ్లిపోయాడు.

అబ్రహాంకి ఆ రోజుతో డెబ్భై రెండు నిండాయి. పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి ప్రార్థన చేసి, కేకు కోయించి వెళ్లారు. ఆర్థర్ ఇంజనుని టేబులు మీద పెట్టాడు. అబ్రహాం కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వంగి చూశాడు.

"రంగు అదే" అన్నాడు. తర్వాత "బాగుంది ఆర్థరూ" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి కిటికీకేసి చూశాడు.

 ఏడాది శ్రమకి అదే మాట. కాఫీకి అన్న మాటే, కేకుకి అన్న మాటే.

"ఉండండి, ఇంకో ముక్క మర్చిపోయారు" అని కాంతమణి సంచీలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసింది. ఆర్థర్ వద్దని సైగ చేసేలోపే ఆ దరిద్రపు టెండరు టేబులు మీదికి వచ్చేసింది. చీర తీస్తుంటే వెనకాల కనిపించిందట. మొగుడు మర్చిపోయాడనుకుని తెచ్చిందట.

అబ్రహాం దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నల్లమచ్చ మీద రాశాడు. తెల్లటి మసక మీద రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదెవరు వేశారు?"

"నేనే బావగారూ. రంగు కలవక చెడిపోయింది. గీకేసి మళ్లీ..."

"దాని మీద చెయ్యి వేశావంటే విరిచేస్తాను!" అబ్రహాం కుర్చీలోంచి లేచాడు. "ఇదీ నా బండి. ఇరవై రెండేళ్లు నడిపానోయ్, ఒక్కరోజన్నా అది పచ్చగా ఉండటం చూశానా? బొగ్గు నుసి, జిడ్డు, పైన బూడిద. ఇదిగో, సరిగ్గా ఇక్కడే నేను చెయ్యి ఆనించేది. ఈ మరకలే కదా నా చొక్కాలకి! ఎమిలీ బండకేసి బాదీ బాదీ, 'ఆ బండినే కట్టుకోకపోయావా' అని తిట్టేది."  గట్టిగా దగ్గి, ఇంజనుకేసి వేలు చూపించాడు. "మరి అదేంటి? ఇంజనా, పెళ్లికూతురా? దూరంగా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవాడికే అది పచ్చగా కనబడేది. సిగ్నలోడి పని సిగ్నలోడి పనే! నీకు ఆపడం తప్ప ఇంకేం తెలుసు?"

ఆర్థర్ తల వంచుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు అన్నా చెల్లెళ్లకి కనబడకుండా ఉండాలని వంచుకున్నాడు. రెండేళ్ల తర్వాత తిట్టించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని అతను అనుకోలేదు. "అవును బావగారూ" అన్నాడు. "నాకేం తెలుసు?"

"వచ్చే ఆదివారానికి ఇంజను కూడా ఇలా చేసి తీసుకురా. రాకపోతే నేనే మీ ఇంటికొస్తా."

"నువ్వే రా అన్నయ్యా" అంది కాంతమణి వెంటనే.

"వస్తా. పక్కన కూర్చుని చేయిస్తా. వీడికి వదిలేస్తే మళ్లీ పచ్చగా తోమి పెడతాడు" అని గొణుక్కుంటూ అబ్రహాం వంటింట్లోకి వెళ్లి, ఎమిలీ పోయాక ఎవరికీ ఏదీ కట్టివ్వని మనిషి, ఒక టిఫిను డబ్బా వెతికి, మిగిలిన కేకూ, కాంతమణి తెచ్చిన పులిహోరా పక్కపక్కన సర్ది చెల్లెలి చేతిలో పెట్టాడు. ఇక ఆకుపచ్చ సీసాని వారంపాటు కదపకుండా ఉంచితే చాలు, ముద్ద దానంతటదే కడుతుంది. పెట్టెను ఇంట్లో బీరువా మీదే వదిలొచ్చినందుకు ఆర్థర్ సంతోషించాడు.

బయటికొచ్చేసరికి ఆటో సిద్ధంగా ఉంది. షంషీర్ చేతులకి గ్రీజు, మొహం నిండా నవ్వు.

"సాబ్, మెకానిక్ కాడికి పోయి పాత రబ్బర్లే మళ్ల ఏయించిన. మీరు నన్ను నమ్మి చెప్పిన్రు కదా. ఇగ మీ రంగులకు ఫికర్ లేదు."

"మరి మీ అమ్మ మోకాళ్లు షంషీర్?"

"అమ్మీకి మా మామ ఆటో మాట్లాడిన సాబ్. ఎక్కుండ్రి."

ఆర్థర్ అతని భుజం తట్టి, ఇంకేమీ అనకుండా ఎక్కి కూర్చున్నాడు. సీతాఫల్‌మండి చేరేసరికి కాంతమణి ఒళ్లో ఉన్న డబ్బాలో కేకూ పులిహోరా ఒక్క ఉండ లేకుండా చక్కగా కలిసిపోయాయి.